సీసానికి తోడు చేరిన లోహాలు

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారికి బ్యాటరీలో అప్పుడప్పుడూ డిస్టిల్డ్ వాటరు పోయడం అలవాటే. కొన్ని బ్యాటరీలకు మాత్రం ఆ అవసరమే రాదు. ఈ తేడాకు ముఖ్య కారణం లోపలి సీసపు గ్రిడ్లలో, అంటే ఫలకాలలోని పదార్థాన్ని పట్టి ఉంచే జాలీ చట్రాలలో, ఏ లోహాన్ని ఎంత కలిపారన్నదే.

నిజానికి ఛార్జి చేసిన సీసపు రుణ ఫలకం సల్ఫ్యూరిక్ ఆమ్లంలో నిలకడగా ఉండవలసిన వస్తువు కాదు. దాని పొటెన్షియల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడు కంటే సుమారు 0.36 వోల్టులు దిగువన ఉంటుంది కాబట్టి, ఆమ్లంలోని హైడ్రోజన్ అయాన్లు దాని ఎలక్ట్రాన్లను తీసుకుని వాయువుగా పోవాలి, ఫలకం తనంతట తానే డిశ్చార్జి కావాలి. సీసం ఉపరితలం మీద ఆ చర్య అతి మందంగా సాగడం వల్లనే అలా జరగడం లేదు. 1859లో గాస్టన్ ప్లాంటే రూపొందించిన ఈ బ్యాటరీ ఇప్పటికీ ఆ మందకొడితనం మీదే బతుకుతోంది.

శుద్ధ సీసం మెత్తన. పలుచని గ్రిడ్డుగా పోస్తే వంగిపోతుంది. అందుకే 1880ల నుంచే యాంటిమొనీ కలపసాగారు. దానితో గట్టిదనం వచ్చింది, పోత పోయడమూ సులువైంది. అయితే ఛార్జి చేసే సమయంలో ధన గ్రిడ్డు కొద్దికొద్దిగా తుప్పు పడుతుంది. అప్పుడు విడుదలైన యాంటిమొనీ ఆమ్లం గుండా ప్రయాణించి రుణ ఫలకంపై పేరుకుంటుంది. సీసం మీద కంటే దాని మీద హైడ్రోజన్ సులువుగా పుడుతుంది గనుక నీరు తరిగిపోతుంది, వాడకుండా ఉంచినా ఛార్జి దిగిపోతుంది. ఒకప్పుడు పది శాతం దాకా ఉండే యాంటిమొనీని క్రమంగా రెండు శాతం లోపుకు తగ్గించడానికి ఇదే ప్రధాన కారణం.

1930లలో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల వారు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల బ్యాటరీల కోసం కాల్షియాన్ని ముందుకు తెచ్చారు. 0.1 శాతం లోపు కలిపినా సీసం గట్టిపడుతుంది. పైగా నీటి ద్రావణం నుంచి కాల్షియం లోహంగా పేరుకోలేదు కనుక రుణ ఫలకానికి దాని బెడద లేదు. నీళ్లు పోయనక్కర్లేని బ్యాటరీలకు దారి అక్కడ పడింది. కానీ పూర్తిగా వాడి మళ్లీ ఛార్జి చేసే పనిలో కాల్షియం గ్రిడ్లు త్వరగా సామర్థ్యం కోల్పోయాయి. గ్రిడ్డుకూ, దానిని అంటిపెట్టుకుని ధన ఫలకంలో ఛార్జిని నిలిపే లెడ్ డయాక్సైడుకూ నడుమ విద్యుత్తును సరిగా పోనివ్వని సీసపు మోనాక్సైడు పొర ఏర్పడడమే ఇందుకు ఒక ముఖ్య కారణం. ఈ కథలో నాకు అన్నిటికంటే ఆసక్తికరం ఈ పొరే. నిందలన్నీ మోసిన యాంటిమొనీ అంతకాలం ఆ పొరను అదుపులో పెడుతూ వచ్చిందని, దానిని తీసేశాకే బాగా తెలిసింది. ఇప్పుడు ఆ పని తగరం చేస్తోంది: ఒక శాతం అటూఇటూగా కలిపితే పొర పలుచబడుతుంది, దాని వాహకత పెరుగుతుంది.

జింకు శుద్ధి కర్మాగారాల్లో అవసరం దాదాపు తలకిందులు. అక్కడ విద్యుత్తుతో జింకును ద్రావణం నుంచి వేరుచేసేటప్పుడు, సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచిన సీసపు ఆనోడు (ధన ఫలకం) మీద ఆక్సిజన్ వెలువడుతూనే ఉండాలి, అదీ వీలైనంత తక్కువ వోల్టేజి వద్ద. బ్యాటరీలో నష్టమనిపించే చర్యే ఇక్కడ రోజువారీ పని. అందుకే అర శాతం నుంచి ఒక శాతం వరకు వెండి కలుపుతారు. ఖరీదైనదే అయినా అది విద్యుత్ ఖర్చును తగ్గిస్తుంది, ఆనోడు తుప్పును నెమ్మదింపజేసి, జింకులో సీసం కలవకుండా చాలావరకు కాపాడుతుంది.