బర్గర్ మాంసం ఏ దేశానిదో చెప్పనక్కర్లేదన్న మినహాయింపు

అమెరికాలో గొడ్డు మాంసం దిగుమతులపై తగవు మళ్లీ రాజుకుంది. అర్జెంటీనా నుంచి మరింత మాంసం తెప్పిస్తామని 2025 అక్టోబర్‌లో అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ అనగానే పశువుల పెంపకందార్లు భగ్గుమన్నారు. మరుసటి నెలలో బ్రెజిల్ మాంసం మీద అదనంగా వేసిన 40 శాతం సుంకాన్ని కూడా ప్రభుత్వం ఎత్తేసింది. రికార్డు స్థాయికి చేరిన ధరలను దించడానికే ఇదంతా అన్నది ప్రభుత్వం మాట. ఏళ్ల తరబడి కరువుతో మందలను తెగనమ్ముకుని, ఇప్పుడిప్పుడే నాలుగు డబ్బులు కళ్లజూస్తుంటే కడుపు కొడుతున్నారన్నది రైతుల మాట.

ఈ వాదులాటలో పేరు పెద్దగా వినిపించని పక్షం ఇంకొకటి ఉంది. విదేశాల నుంచి వచ్చే ఈ మాంసంలో అధిక భాగం కీమాగా మారుతుంది. ఆ కీమాకు పెద్ద గిరాకీ ఫాస్ట్‌ఫుడ్ చైన్ల నుంచే వస్తుంది. అయినా కౌంటర్ ముందు నిలబడి బర్గర్ కొనుక్కునే మనిషికి అందులోని మాంసం ఏ దేశానిదో చెప్పాల్సిన బాధ్యత అమెరికా చట్టం ఆ చైన్ల మీద పెట్టలేదు.

బర్గర్ ఎక్కడ పుట్టింది, చైన్లు ఎలా విస్తరించాయి అన్న కథ చాలామందికి తెలిసిందే. ఇవాళ్టి తగవు అర్థం కావాలంటే 2002 ఏప్రిల్, మే నెలల దగ్గర ఆగాలి. ఏప్రిల్‌లో మెక్‌డొనాల్డ్స్ సంస్థ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ మాంసాన్ని అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లోని కొన్ని వందల దుకాణాల్లో వాడి చూస్తామని ప్రకటించింది. అంతవరకూ తమ అమెరికా దుకాణాల్లో దేశీయ మాంసమే వాడుతున్నామని చెప్పుకున్న సంస్థ అది. మే 13న అధ్యక్షుడు జార్జ్ బుష్ కొత్త వ్యవసాయ చట్టంపై సంతకం చేశారు. దుకాణంలో అమ్మే మాంసం మీద మూలదేశం పేరు ఉండి తీరాలన్న నిబంధన ఆ చట్టంలోనే ఉంది. పెంపకందార్లలో ఒక పెద్ద వర్గం ఏళ్ల తరబడి అడిగి సాధించుకున్న నిబంధన అది. కానీ వండి వడ్డించే చోట్లకు ఇది వర్తించదని అదే చట్టం చెప్పింది. రెస్టారెంటు, క్యాంటీను, ఫాస్ట్‌ఫుడ్ కౌంటర్ అన్నీ ఆ మినహాయింపు కిందికి వచ్చాయి. దేశంలోకెల్లా పెద్ద బర్గర్ చైన్ విదేశీ మాంసానికి తలుపు తీసిన కొన్ని వారాలకే, ఆ మాంసం ఊరూ పేరూ చెప్పనక్కర్లేదని చట్టం రాసిచ్చింది. ఆ తర్వాతి పరిణామాలు చాలావరకు ఈ రెండింటి నుంచి పుట్టినవే.

దేశం నిండా పశువులుండగా బయటి నుంచి తెచ్చుకోవడం ఎందుకని అడిగేవారున్నారు. దీనికి జవాబు మాంసం కలిపే తీరులో ఉంది. అమెరికాలో కోడెలను ఫీడ్‌లాట్లలో మొక్కజొన్న దాణా వేసి బలిపిస్తారు. స్టేకులు కోశాక వాటి నుంచి మిగిలే తునకల్లో సగానికి సగం కొవ్వే. వ్యాపారంలో వీటిని ‘50లు’ అంటారు. 80 పాళ్లు మాంసం, 20 పాళ్లు కొవ్వు ఉండే బర్గర్ కీమా తయారవ్వాలంటే వీటికి కొవ్వు తక్కువగా ఉండే, నూటికి 90 పాళ్లు మాంసమే అయిన ‘90లు’ కలపాలి. లెక్క వేసి చూస్తే 100 కిలోల కీమాకు 25 కిలోల 50లు, 75 కిలోల 90లు కావాలి. అంటే బర్గర్‌లో ముప్పాతిక వంతు కొవ్వు తక్కువ మాంసమే. అది దేశంలో వట్టిపోయిన పాడి ఆవుల నుంచి, మంద నుంచి తీసేసిన ముసలి ఆవుల నుంచి వస్తుంది. చాలకపోతే గడ్డి మేసి పెరిగిన ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, దక్షిణ అమెరికా పశువుల నుంచి రావాలి. రైతులు మందలను తిరిగి పెంచుకోవాలనుకున్నప్పుడు ఆవులను కబేళాకు పంపరు. సరిగ్గా అప్పుడే 90లకు కొరత వస్తుంది, దిగుమతులు పెరుగుతాయి. 2025 ఆరంభానికి అమెరికాలో పశువుల సంఖ్య సుమారు 8.7 కోట్లకు పడిపోయింది. 1951 తర్వాత ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

చైన్ల వాదన ఇక్కడే నిలుస్తుంది. కొవ్వు తక్కువ మాంసం దేశంలో సరిపడా దొరకడం లేదు, దిగుమతి మాంసం కూడా తనిఖీ దాటే వస్తోంది, పలు దేశాల తునకలు కలిసిన కీమాకు ఒక్క దేశం పేరు రాయడం కుదరదు అని వారంటారు. మొదటి రెండు మాటలు నిజమే.

మూడో మాట గురించి పెంపకందార్లు చెప్పేది వేరు. వారిలో అందరిదీ ఒకే గొంతు కాదు. అన్నిటికంటే పెద్దదైన జాతీయ పశుపోషకుల సంఘం తప్పనిసరి లేబుల్‌ను వ్యతిరేకించింది. దానితో విభేదించిన ఆర్-కాఫ్ వంటి సంఘాలు, చిన్న రైతులే ఈ పోరాటాన్ని భుజాన వేసుకున్నారు. వారు చూపించేది మార్కెట్ నిర్మాణాన్ని. దాణాతో బలిపించిన పశువుల వధలో దాదాపు 85 శాతం నాలుగు ప్యాకింగ్ కంపెనీల చేతిలో ఉంది: టైసన్, కార్గిల్, జేబీఎస్, నేషనల్ బీఫ్. జేబీఎస్ బ్రెజిల్ సంస్థ. నేషనల్ బీఫ్‌లో అధిక వాటా కూడా బ్రెజిల్‌కు చెందిన మార్‌ఫ్రిగ్ చేతికి 2018లో వెళ్లింది. విదేశాల్లోనూ కబేళాలున్న కంపెనీయే ఇక్కడ రైతు దగ్గర పశువును కొంటోంది. ఇక్కడ ధర ఎక్కువైతే అక్కడి నుంచి తెప్పించుకోగలదు. రెండూ ఒకే డబ్బాలో కలిసిపోయి, కొనేవాడికి తేడా తెలియకపోతే, తన మాంసానికి ప్రత్యేకంగా ధర అడిగే అవకాశం రైతుకు ఉండదు. లేబుల్ అడగడం వెనుక ఉన్నది దేశాభిమానం ఒక్కటే కాదు, ఈ బేరం కూడా.

మూలం తెలియకపోతే నష్టం రైతుకే పరిమితం కాదని 1993లోనే తేలింది. జాక్ ఇన్ ద బాక్స్ చైన్ బర్గర్ల వల్ల ఈ-కోలై బ్యాక్టీరియా సోకి 700 మందికి పైగా జబ్బుపడ్డారు, నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ మాంసం ఎక్కడిదో వెనక్కి వెతుక్కుంటూ వెళ్లిన ఆరోగ్య అధికారులు అమెరికాలో ఐదు, కెనడాలో ఒకటి, మొత్తం ఆరు కబేళాల దగ్గర ఆగిపోయారు. ఫలానా కబేళా, ఫలానా పొలం అని వేలు పెట్టి చూపించలేకపోయారు. పిల్లలను పోగొట్టుకున్న తల్లిదండ్రులకు దక్కిన జవాబు అదే.

అంతకు ముందు దశాబ్దంలో అడవుల గొడవ నడిచింది. మధ్య అమెరికా అడవులు ఉత్తర అమెరికా బర్గర్లుగా మారుతున్నాయని 1981లో పర్యావరణ శాస్త్రవేత్త నార్మన్ మయర్స్ రాశారు. అప్పటి అనుమానం అమెజాన్ మీద కాదు. గాలికుంటు వ్యాధి కారణంగా బ్రెజిల్ పచ్చి మాంసానికి అప్పట్లో అమెరికాలో అనుమతి ఉండేది కాదు. ఆ వ్యాధి లేని కోస్టారికా, హోండురాస్, గ్వాటెమాలా వంటి దేశాల నుంచే పచ్చి మాంసం వచ్చేది. రేవులో తనిఖీ ముగిశాక అది దేశీయ మాంసంలో కలిసిపోయేది. పర్యావరణ ఉద్యమకారుల బహిష్కరణ పిలుపు తర్వాత 1987లో బర్గర్ కింగ్ మధ్య అమెరికా మాంసం కొనుగోళ్లను ఆపేసింది. ఎక్కడిదో తెలియకపోతే కొనడం ఆపడమూ కుదరదు. కాబట్టి ఒత్తిడి వచ్చినప్పుడు చైన్లకు తమ మాంసం ఆచూకీ దొరుకుతుందని అప్పుడే రుజువైంది.

1996 మార్చిలో బ్రిటన్‌లో ఇది మరింత స్పష్టంగా కనిపించింది. పిచ్చి ఆవు వ్యాధి మనుషులకు సోకి ఉండవచ్చని ప్రభుత్వం ఒప్పుకున్న కొద్ది రోజులకే మెక్‌డొనాల్డ్స్ బ్రిటిష్ మాంసాన్ని పక్కన పెట్టి, బయటి మాంసంతో అమ్మకాలు మొదలుపెట్టింది. ఆ భయం నుంచే ఫ్రాన్స్‌లో ఒక ఉత్తర్వు పుట్టింది. రెస్టారెంట్లు తాము వడ్డించే గొడ్డు మాంసం ఏ దేశానిదో ప్రదర్శించాలని ఫ్రాన్స్ ఆదేశించింది. కీమా కూడా అందులో ఉంది. ఆ ఉత్తర్వు వచ్చింది 2002 డిసెంబర్‌లో. అమెరికా రెస్టారెంట్లను మినహాయించిన ఏడాదిలోనే ఫ్రాన్స్ వాటినే ముందు పట్టుకుంది. ఐర్లండ్ 2006లో అదే బాట పట్టింది. అదే చైన్లు, అదే తరహా కీమా. అక్కడ బోర్డు మీద రాయగలిగిన దేశం పేరు ఇక్కడ రాయడం అసాధ్యమన్న వాదన నాకు నిలిచేదిగా కనిపించడం లేదు.

బోర్డు ఒక్కటే చాలదని కూడా చెప్పాలి. 2013లో గొడ్డు మాంసంలో గుర్రపు మాంసం కలిసినట్టు బయటపడిన కుంభకోణంలో ఐర్లండ్‌లోని సిల్వర్‌క్రెస్ట్ ప్లాంటు, తాము ఒప్పుకోని పోలండ్ మాంసాన్ని కలిపిందని బర్గర్ కింగ్ వెల్లడించి ఆ సరఫరాను వదులుకుంది. మాట ఇచ్చాక దానిని తనిఖీ చేసే యంత్రాంగం కూడా ఉండాలి.

అమెరికాలో సూపర్ మార్కెట్ల వరకైనా వచ్చిన లేబుల్ ఎక్కువ కాలం నిలవలేదు. వాయిదాల మీద వాయిదాలు పడి 2008లో కానీ అమల్లోకి రాలేదు. కీమా విషయంలో అందులో ఒక సడలింపు ఉండేది: గత 60 రోజుల్లో ఏయే దేశాల మాంసం ప్లాంటు నిల్వలో ఉందో ఆ పేర్లన్నీ రాస్తే చాలు. కెనడా, మెక్సికో ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్లి గెలిచాయి. ఏటా 100 కోట్ల డాలర్లకు పైగా ప్రతీకార సుంకాలు వేసుకోవచ్చని 2015 డిసెంబర్‌లో ఆ సంస్థ అనుమతించింది. రోజుల వ్యవధిలో అమెరికా కాంగ్రెస్ గొడ్డు మాంసం, పంది మాంసాలను ఆ జాబితా నుంచి తొలగించింది. కోడి, గొర్రె, చేపలకు లేబుల్ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతే బ్రెజిల్ రంగంలోకి వచ్చింది. 2016లో పచ్చి మాంసానికి అనుమతి, 2017లో నాణ్యత లోపాలతో నిలిపివేత, 2020 ఫిబ్రవరిలో మళ్లీ అనుమతి. ప్రత్యేక కోటా లేని దేశాలన్నిటికీ కలిపి 2025లో ఉన్న 65 వేల టన్నుల కోటాను బ్రెజిల్ జనవరిలోనే దాదాపు నింపేసింది. ఆపైన 26.4 శాతం సుంకం కట్టి కూడా పంపుతోంది. 2025 ఆగస్టులో అదనపు సుంకాలతో అది 76.4 శాతానికి చేరింది. నవంబర్‌లో తిరిగి మామూలు స్థాయికి వచ్చింది.

ప్రస్తుతం రైతులకు ఊరటగా చెబుతున్నది 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన. పశువు పుట్టడం, పెరగడం, వధ, ప్రాసెసింగ్ అన్నీ అమెరికాలోనే జరిగితే తప్ప ‘అమెరికా ఉత్పత్తి’ అని రాసుకోకూడదు. అంతకు ముందు విదేశీ మాంసాన్ని ఇక్కడ ప్యాక్ చేసినా అలా రాసుకునే వీలుండేది. కొత్త నిబంధన మంచిదే. కానీ అది స్వచ్ఛందం: రాయాలనుకునేవారికే వర్తిస్తుంది, అదీ ప్యాకెట్ మీదే. 2021 నుంచి సెనేట్‌లో పదేపదే ప్రవేశపెడుతున్న గొడ్డు మాంసం లేబుల్ బిల్లు ఆ మాంసాన్ని తిరిగి తప్పనిసరి జాబితాలో చేరుస్తుంది. అది నెగ్గినా సూపర్ మార్కెట్‌లో కొనే కీమాకే దేశం పేరు వస్తుంది. రెస్టారెంట్లకు 2002లో ఇచ్చిన మినహాయింపును ఆ బిల్లు తాకడం లేదు.