రాయని రూలు: ఐరిష్ రగ్బీ ఆటగాడు దేశం దాటితే

2017 అక్టోబరులో ఐర్లండ్ రగ్బీ ఆటగాడు సైమన్ జీబో ఒక సంగతి బయటపెట్టాడు. ఆ సీజన్ అయిపోగానే మన్‌స్టర్ జట్టును వదిలి వెళ్లిపోతున్నానని. అప్పటికి ఇంకా ఎక్కడికీ వెళ్లలేదు. ఐర్లండ్‌లోనే ఉన్నాడు, మన్‌స్టర్‌కే ఆడుతున్నాడు. అయినా నవంబరు మ్యాచ్‌లకు కోచ్ జో ష్మిట్ ఎంపిక చేసిన జాతీయ జట్టులో అతని పేరు లేదు. ఆ తర్వాత ఫ్రాన్స్‌లో రేసింగ్ 92 క్లబ్బుకి ఆడి, 2021లో మన్‌స్టర్‌కి తిరిగొచ్చాడు. కానీ ఐర్లండ్ తరఫున అతను ఆడిన టెస్టుల (అంతర్జాతీయ మ్యాచ్‌ల) లెక్క 35 దగ్గరే ఆగిపోయింది.

బయటి దేశంలో ఆడేవాడిని తీసుకోకూడదని ఎక్కడా రాసి లేదు. అందరికీ తెలుసు, అంతే. చిత్రమేమిటంటే, జీబోకంటే ముందు అదే క్లబ్బుకి వెళ్లిన జానీ సెక్స్‌టన్‌కి ఈ రూలు వర్తించలేదు.

దీని మూలం తెలియాలంటే 1995కి వెళ్లాలి. ఆ ఏడాది ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు, ఇక ఆటగాళ్లకు డబ్బు ఇవ్వొచ్చని ప్రకటించింది. అప్పటిదాకా ఆడినందుకు జీతం పుచ్చుకోవడం నేరం కింద లెక్క. ఈ మార్పు వద్దని గట్టిగా పట్టుబట్టిన వాళ్లలో ఐరిష్ రగ్బీ యూనియన్ ఒకటి. వద్దంటే ఆగుతుందా? ఇంగ్లండ్ క్లబ్బుల దగ్గర డబ్బుంది, మధ్యలో ఉన్నది చిన్న సముద్రం. ఐర్లండ్ జట్టులోని ముఖ్యులు ఒక్కొక్కరే అటు వెళ్లిపోయారు. ముందు వరసలో ఆడే హుకర్ కీత్ వుడ్ ఇంగ్లండ్ క్లబ్బు హార్లెక్విన్స్‌లో చేరాడు. దేశానికి ఆడేవాళ్ల ఫిట్‌నెస్, విశ్రాంతి అన్నీ పరాయి క్లబ్బుల చేతిలోకి పోయాయి.

యూనియన్‌కి అక్కరకొచ్చింది కొత్తదేమీ కాదు, పాత ఏర్పాటే. లెన్‌స్టర్, మన్‌స్టర్, అల్‌స్టర్, కానక్ట్ అనే నాలుగు ప్రావిన్సులు ఎప్పటి నుంచో ఉన్నాయి. రాజకీయంగా ద్వీపం రెండు ముక్కలైనా రగ్బీలో ఒకటే జట్టు, 1879 నుంచి ఒకటే యూనియన్. ఆ ప్రావిన్సులనే ప్రొఫెషనల్ జట్లుగా మార్చి, అగ్రశ్రేణి ఆటగాళ్లు కొద్దిమందికి యూనియనే నేరుగా జీతం ఇవ్వడం మొదలుపెట్టింది. వాటినే సెంట్రల్ కాంట్రాక్టులు అంటారు. మనకు బీసీసీఐ కాంట్రాక్టులు తెలుసు కాబట్టి అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. జీతం ఇచ్చేవాడే ఏ మ్యాచ్ ఆడాలో, ఏ వారం ఇంట్లో కూర్చోవాలో చెబుతాడు. 1999లో అల్‌స్టర్ ఐరోపా కప్పు గెలిచేసరికి ఈ ఏర్పాటు పనిచేస్తుందన్న నమ్మకం కుదిరింది.

2002లో ప్రభుత్వం కూడా ఒక చెయ్యి వేసింది. రిటైరైన క్రీడాకారుడు పదేళ్ల వరకు ఆటలో సంపాదించిన ఆదాయంలో 40 శాతానికి పన్ను మినహాయింపు అడగొచ్చని చట్టం తెచ్చింది. రగ్బీ చరిత్ర రాసేవాళ్లు దీన్ని ఒక వాక్యంలో దాటేస్తారు గానీ, ఆటగాళ్లను దేశంలో దేశభక్తి ఎంత నిలిపిందో ఈ లెక్క కూడా అంతే నిలిపిందని నా అనుమానం.

సెక్స్‌టన్ ఈ ఏర్పాటులోనే పెరిగినవాడు. డబ్లిన్‌లోని సెయింట్ మేరీస్ కాలేజీ, అక్కడి నుంచి లెన్‌స్టర్. చాలాకాలం బెంచీ మీదే ఉన్నాడు. 2009 మే 2న క్రోక్ పార్క్‌లో మన్‌స్టర్‌తో ఐరోపా సెమీఫైనల్. 82,208 మంది జనం. లెన్‌స్టర్ పదో నంబర్ ఆటగాడు (ఆటను నడిపించేవాడు, తరచూ కిక్కులూ కొట్టేవాడు) కాంటెపోమీ గాయపడటంతో సెక్స్‌టన్‌ని దింపారు. వస్తూనే చేతికిచ్చింది పెనాల్టీ కిక్. కొట్టేశాడు. తర్వాత లెన్‌స్టర్ ట్రై చేయగానే (బంతిని ప్రత్యర్థి గీత దాటించి నేలకి తాకించగానే), నేల మీద పడి ఉన్న మన్‌స్టర్ పదో నంబర్ రోనన్ ఓగారా మీదికి వంగి, మొహంలో మొహం పెట్టి అరిచాడు. ఆ ఫోటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. దేశం జెర్సీ కోసం ఇద్దరూ పోటీపడిన కాలం అక్కడే మొదలైంది.

2011 ఐరోపా ఫైనల్లో ఇంగ్లండ్ క్లబ్బు నార్తాంప్టన్ మీద సగం ఆటకి 6-22తో వెనకబడిన లెన్‌స్టర్ 33-22తో గెలిచింది. అందులో 28 పాయింట్లు సెక్స్‌టన్‌వే. అలాంటివాడితో 2013 మొదట్లో కొత్త కాంట్రాక్టు బేరం కుదరలేదు. వేసవిలో పారిస్‌లోని రేసింగ్‌కి వెళ్లిపోయాడు. అక్కడ కిక్కింగ్ కోచ్‌గా ఎదురైంది ఎవరు? అప్పుడే రిటైరైన ఓగారా! ఆడినన్నాళ్లూ మన్‌స్టర్ దాటని మనిషి, బూట్లు విప్పగానే ఫ్రాన్స్ చేరాడు.

ఐర్లండ్ మాత్రం సెక్స్‌టన్‌ని వదల్లేదు, వదిలే స్థితిలో లేదు. 2014లో సిక్స్ నేషన్స్ (ఏటా ఆరు ఐరోపా దేశాలు ఆడే టోర్నీ) టైటిల్ తేలిన మ్యాచ్‌లో, అదే పారిస్‌లో, అతను రెండు ట్రైలు చేశాడు. ఫ్రాన్స్ లీగ్‌లో 14 జట్లు, ఒక్కో జట్టుకి 26 రౌండ్లు. జీతమిచ్చే క్లబ్బు వారం వారం ఆడమంటుంది. ఆ ఏడాది చివర తలకు వరసగా తగిలిన దెబ్బల వల్ల డాక్టర్లు 12 వారాలు ఆట మాన్పించారు. 2015లో లెన్‌స్టర్‌కి తిరిగొచ్చాడు.

నా లెక్కలో ఆ రెండేళ్లే రూలుని గట్టిపరిచాయి. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఆడిన జోర్డన్ మర్ఫీకి, వేల్స్‌లో ఆడిన టామీ బోకి జాతీయ జట్టులో చోటు దొరికేది. సెక్స్‌టన్ తర్వాత తలుపు మూసుకుంది. 2017లో డొనకా రయాన్ రేసింగ్‌కి వెళ్లాడు, మళ్లీ పిలుపు రాలేదు. ఆ వెనకే జీబో. అతను చేసిన తప్పల్లా, అతని చోటులో ఆడేవాళ్లు ఇంకొందరు ఉండటం. దీన్ని న్యాయం అనలేం, బేరంలో ఎవరి బలం ఎంత అన్నదే.

వెనక్కి వచ్చినందుకు సెక్స్‌టన్‌కి దక్కింది ఆయుష్షు. 2018 ఫిబ్రవరిలో పారిస్ వానలో ఐర్లండ్ 12-13తో వెనకబడి ఉంది. 80 నిమిషాలు అయిపోయాయి, కానీ బంతి ఆగేదాకా ఆట ఆగదు. బంతి పోగొట్టుకోకుండా 41 దఫాలు దాడి చేస్తూ కొంచెం కొంచెంగా ముందుకు జరిగారు, 83వ నిమిషంలో నలభై మీటర్లకు పైగా దూరం నుంచి అతను కొట్టిన డ్రాప్ గోల్ (బంతిని నేలకి తగలనిచ్చి తన్నే కిక్, మూడు పాయింట్లు) కర్రల మధ్య నుంచి పోయింది. ఆ ఏడాది గ్రాండ్ స్లామ్ (టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం), ప్రపంచ ఉత్తమ ఆటగాడి అవార్డు. 2001లో కీత్ వుడ్ తర్వాత ఇంకో ఐరిష్ ఆటగాడికి అది రావడం అదే మొదలు.

అయితే ఈ ఏర్పాటు తీపి నలుగురికీ సమానంగా అందలేదు. ఇటీవలి కాలంలో సెంట్రల్ కాంట్రాక్టుల్లో ఎక్కువ భాగం లెన్‌స్టర్ వాళ్లవే. మిగతా మూడు ప్రావిన్సుల గొణుగుడు ఆగదు.

లెన్‌స్టర్‌కి మాత్రం 2022, 2023 ఐరోపా ఫైనల్స్‌లో అడ్డుపడింది ఓగారా కోచ్‌గా ఉన్న ఫ్రెంచ్ క్లబ్బు లా రోషెల్. రెండోసారి గాయంతో బయట కూర్చున్న సెక్స్‌టన్, మ్యాచ్ అవగానే రిఫరీ మీదికి వెళ్లి మూడు మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. ఆ సెప్టెంబరులో, 38 ఏళ్ల వయసులో, ప్రపంచకప్‌లో టోంగా మీద ట్రై చేసి ఐర్లండ్ తరఫున ఓగారా పేరిట ఉన్న 1,083 పాయింట్ల రికార్డు దాటాడు. ఆ మ్యాచ్ జరిగింది నాంత్‌లో, లా రోషెల్ అక్కడికి ఎంతో దూరం లేదు.