మంచి బ్యాక్టీరియా సీసా, మానేసిన మెసలమైన్

అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి, పుండ్లు పడే దీర్ఘకాలిక జబ్బు) ఉన్నవాళ్ళు చెకప్‌కి వచ్చినప్పుడు మందుల సంచి బల్ల మీద బోర్లించమంటాం. ప్రోబయాటిక్ సీసా అడుగంటి ఉంటుంది. ఆ వాపుని అదుపులో ఉంచే మెసలమైన్ స్ట్రిప్పులకి మాత్రం మూడు నెలల కిందటి రబ్బరు బ్యాండు అలాగే ఉంటుంది. గాజువాక వాళ్ళైనా శ్రీకాకుళం వాళ్ళైనా ఒకటే మాట: "మంచి బ్యాక్టీరియా వేసుకుంటున్నాను కదండీ, మళ్ళీ అవెందుకులెమ్మని ఆపేశాను."

అపోహ: ప్రోబయాటిక్ వాడుతుంటే మెసలమైన్ అక్కర్లేదు.

వాస్తవం: మానేసిన మర్నాడు ఏమీ కాదు, చిక్కంతా అక్కడే. మోషన్ గట్టిపడి నెత్తురు ఆగిపోయాక కూడా పేగు లోపలి పొరలో వాపు మిగిలి ఉండొచ్చు. బయాప్సీ తీస్తే కనపడుతుంది. అది మళ్ళీ రాజుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఈలోగా బాగున్న రోజులన్నీ ప్రోబయాటిక్ ఖాతాలో పడిపోతాయి. మెసలమైన్ సరిగ్గా వేసుకోనివాళ్ళలో జబ్బు తిరగబెట్టే అవకాశం ఐదు రెట్లకు పైగా ఉందని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది.

ఈ ప్రచారంలో నిజం బొత్తిగా లేదని కాదు. ఇ.కోలి నిస్లె 1917 అనే స్ట్రెయిన్ (బ్యాక్టీరియాలో ఒక ప్రత్యేక రకం)‌ని మెసలమైన్‌తో పోల్చి చూస్తే, ఏడాదిలో తిరగబెట్టినవాళ్ళు నిస్లె వాడినవాళ్ళలో 36.4 శాతం, మెసలమైన్ వాడినవాళ్ళలో 33.9 శాతం. ఆ ఫలితం ఆ ఒక్క స్ట్రెయిన్‌దే. షాపులో చేతికిచ్చే ప్రతి సీసాకీ దాన్ని అంటగట్టడం కుదరదు. ఇంకో అధ్యయనంలో ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమం ఇచ్చారు: రోజుకు 3.6 లక్షల కోట్ల బ్యాక్టీరియా, అదీ మామూలు మందులకు తోడుగా. విరేచనాలకు మనవాళ్ళు కొనే 5 మి.లీ. బాసిల్లస్ క్లాసీ వయల్‌లో ఉండేవి 200 కోట్ల స్పోర్లు. బ్యాక్టీరియా వేరన్న సంగతి అలా ఉంచి, అంకెల్లోనే ఎంత దూరమో చూడండి.

మానెయ్యడానికి అసలు కారణం చాలామందికి రోజూ మింగాల్సిన బిళ్ళల లెక్క, కిడ్నీల భయం. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. చాలా రకాల మెసలమైన్‌ని రోజు మోతాదంతా ఒక్కసారే వేసుకోవచ్చు, డాక్టర్‌ని అడిగి మార్పించుకోండి. బిళ్ళని నమలొద్దు, పొడి చెయ్యొద్దు. పైపూత పోతే మందు పెద్దపేగుదాకా చేరకుండా ముందే కరిగిపోతుంది. కిడ్నీ ఇబ్బంది అరుదు. మొదలుపెట్టే ముందొకసారి, కొన్ని నెలలకొకసారి, తర్వాత ఏటా క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకుంటే చాలు. గర్భం వచ్చిందని మీ అంతట మీరు ఆపెయ్యొద్దు. మోతాదు తగ్గించే ఆలోచన ఉంటే ముందు పేగు వాపుని పట్టిచ్చే పరీక్ష, మలంలో కాల్‌ప్రొటెక్టిన్ చేయించండి. గ్రాముకు 250 మైక్రోగ్రాములు దాటితే లోపల వాపు ఉన్నట్టే అనుకోవాలి.

అపోహ: పెరుగు, తరవాణి ఉంటే మందులెందుకు?

వాస్తవం: పడితే తినండి, భోజనంగా. పెరుగులో ఏ స్ట్రెయిన్ ఎంతుందో తోడు పెట్టినవాళ్ళకే తెలీదు. అజాథయోప్రిన్, స్టెరాయిడ్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతుంటే రోజుల తరబడి పులిసిన తరవాణి జోలికి పోవద్దు.

అపోహ: ప్రోబయాటిక్‌లు పేగుల్లో వచ్చే ఇంకో వాపు జబ్బు క్రోన్స్‌కి కూడా పనిచేస్తాయి.

వాస్తవం: చేస్తాయని నిరూపణ లేదు. పెద్దపేగు తీసేసి చిన్నపేగుతో సంచి కట్టినవాళ్ళకి ఆ సంచి వాస్తే, దానికి మాత్రం ఎనిమిది స్ట్రెయిన్ల మిశ్రమం కొంత ఉపయోగం. 2020 నాటి అమెరికన్ గాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ మార్గదర్శకాలూ ఇదే అంటాయి.

అపోహ: ఎలాగూ హాని లేదు కదా.

వాస్తవం: మెడలో సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి పెట్టే గొట్టం) ఉన్నవాళ్ళకి సాకరోమైసిస్ బౌలార్డీ అనే ప్రోబయాటిక్ ఈస్ట్ ఇస్తే ఆ ఈస్ట్ రక్తంలోకి చేరిన కేసులున్నాయి.

అపోహ: గట్ బ్యాక్టీరియా టెస్ట్ చేయిస్తే ఏ ప్రోబయాటిక్ కావాలో తెలిసిపోతుంది.

వాస్తవం: తెలియదు. ఆ డబ్బు కాల్‌ప్రొటెక్టిన్‌కి పెట్టండి.

చివరిది వయల్స్ తాగుతూ ఇంట్లో కూర్చునేవాళ్ళకి. రోజుకు ఆరు, అంతకు మించి నెత్తురు మోషన్లు, తోడుగా జ్వరమో నాడి 90 దాటడమో ఉంటే విశాఖ కేజీహెచ్ (ప్రభుత్వ ఆసుపత్రి) అయినా ప్రైవేట్ అయినా ఆ పూటే వెళ్ళాలి. విరేచనాలు ఆపే లోపెరమైడ్ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. ఆ స్థితిలో అది పేగు కదలికని ఆపేస్తే పెద్దపేగు ఉబ్బి చిల్లుపడే ప్రమాదం ఉంది.