బిర్సా ముండా కొట్లాడింది దేని కోసం?

ప్రియమైన పిల్లలూ,

నవంబరు 15న మీ బడిలో బిర్సా ముండా జయంతి చేశారనీ, తలపాగా ఉన్న ఆయన ఫొటోకి దండ వేశారనీ చెప్పారు. సంతోషం. ఆయన ఎందుకు కొట్లాడాడని అడిగితే మాత్రం ‘స్వాతంత్ర్యం కోసం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టారు. తప్పేం కాదు గానీ, అసలు గొడవంతా భూమిది.

ఇప్పటి జార్ఖండ్‌లో రాంచీ చుట్టూ ఉండే కొండల ప్రాంతం ఛోటానాగ్‌పూర్. అడవి కొట్టి, పొలం చేసి, ఊరు కట్టిన కుటుంబాల వారసులకే ఆ భూమి చెందుతుందన్నది అక్కడి ముండాల పద్ధతి. అది వంశం మొత్తానికీ ఉమ్మడి. దాన్ని ఖుంట్‌కట్టి అంటారు. పట్టాలూ పాసుపుస్తకాలూ ఉండేవి కావు. పూర్వీకుల అస్థికలు పాతి, వాటిమీద పెద్ద బండపలకలు పరిచేవారు. ఆ ససన్‌దిరి రాళ్లే వాళ్ల దస్తావేజులు. మా తాతముత్తాతలు ఈ రాళ్ల కింద ఉన్నారు కాబట్టి ఊరు మాది అనేవారు.

బ్రిటిష్ కోర్టులో రాయి చెల్లదు కదా, కాగితం కావాలి. ఆ కాగితాలు బయటి నుంచి వచ్చిన జాగీర్దార్ల దగ్గరా, ఠేకేదార్ల (ఊళ్లను గుత్తకు తీసుకున్నవాళ్ల) దగ్గరా ఉన్నాయి. సొంత పొలంలోనే ముండాలు కౌలుదార్లయ్యారు. శిస్తు పెరిగింది, పైగా వెట్టి. అలా వచ్చి పడ్డవాళ్లను ‘దికూ’లు అనేవారు. సర్దార్లు అనే ముండా పెద్దలు ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ కోర్టుల చుట్టూ తిరిగారు. ఆ భాష రాదు, వకీలుకి డబ్బు కట్టాలి. ఈలోగా సర్కారు అడవికీ ఆంక్షలు పెట్టింది. బిర్సా గురించి చెప్పేటప్పుడు ఈ సర్దార్లను అందరూ వదిలేస్తారు. వాళ్ల అర్జీలు పనిచేసి ఉంటే బాణాల దాకా వచ్చేదే కాదని నాకనిపిస్తుంది.

బిర్సా 1875లో ఉలిహాతులో పుట్టాడు. చాయ్‌బాసాలో జర్మన్ మిషన్ బడిలో చదువుకున్నాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికే జబ్బులు నయం చేస్తాడని జనం తండోపతండాలుగా వచ్చేవారు. ‘ధర్తీ ఆబా’, అంటే భూమికి తండ్రి అని పిలిచేవారు. 1895లో పట్టుకెళ్లి రెండేళ్లు జైల్లో పెట్టారు. తిరిగొచ్చాక 1899 క్రిస్మస్ ముందురోజు రాత్రి ‘ఉల్గులాన్’ మొదలైంది. పెద్ద తిరుగుబాటు అన్నమాట. చర్చిల మీదా పోలీసుల మీదా దాడులు జరిగాయి. ప్రార్థన చేసుకునేవాళ్ల మీద బాణాలు వేయడం నాకు నచ్చదు, మీకూ నచ్చక్కర్లేదు. అదీ చరిత్రలో భాగమే కాబట్టి చెబుతున్నాను.

1900 జనవరి 9న సైల్ రకబ్ కొండ మీద చేరినవాళ్లను సైన్యం చుట్టుముట్టి కాల్చింది. వాళ్ల చేతుల్లో ఉన్నవి విల్లంబులూ గొడ్డళ్లూ రాళ్లూ. చనిపోయినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. బిర్సాని పట్టిస్తే 500 రూపాయలు ఇస్తామన్నారు. ఫిబ్రవరిలో దొరికిపోయాడు. జూన్ 9న రాంచీ జైల్లో ప్రాణం పోయింది. కలరా అని అధికారులు చెప్పారు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు.

అంతా అయ్యాక సర్కారు భూములు సర్వే చేయించి, 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం తెచ్చింది. ఖుంట్‌కట్టి హక్కు కాగితం మీదికి ఎక్కింది, ఆదివాసీల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆంక్షలు వచ్చాయి. ఆ చట్టం ఇప్పటికీ ఉంది. 2016లో జార్ఖండ్ ప్రభుత్వం దాన్ని సడలించబోతే జనం రోడ్డెక్కారు. మరుసటి ఏడాది గవర్నరు ఆ బిల్లును వెనక్కి పంపారు.

మన దగ్గరా ఇలాంటిది ఉంది. అరకు వెళ్లినప్పుడు ‘ఇక్కడో చిన్న స్థలం కొనుక్కుంటే ఎంత బాగుంటుందో’ అని మీ నాన్న అంటే, కుదరదని చెప్పండి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనకూడదని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే 1970 నాటి చట్టం ఉంది. అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఏదైనా గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ఆ చట్టం అనుకుంటుంది. కాదని కాగితాలు చూపించాల్సింది ఆ గిరిజనేతరుడే.

ఆశీస్సులతో,
మీ తాతయ్య