సొరచెట్టు నీడలో యోనా

బుజ్జికి, చిన్నాకి అమ్మమ్మ ప్రేమతో రాసేది.

మొన్న చిన్నా ఫోన్లో అడిగాడు కదా, "అన్నిటికీ దేవుడి మాటే వినాలంటే మనకి సొంత ఇష్టం ఎందుకిచ్చినట్టు?" అని. ఫోన్లో తేలే మాట కాదది.

బైబిల్లోని యోనా ప్రవక్త కథ అనగానే మీకు అతన్ని మింగిన చేప గుర్తొస్తుంది. నాకు యొప్పే రేవు గుర్తొస్తుంది. దేవుడు పొమ్మన్న నీనెవె తూర్పున, టైగ్రిస్ నది ఒడ్డున ఉండేది. దాని శిథిలాలు ఇప్పటి ఇరాక్‌లో, మోసుల్ దగ్గర ఉన్నాయి. యోనా మాత్రం రేవుకెళ్లి, దానికి ఎదురు దిక్కున తర్షీషుకు పోయే ఓడ చూసుకుని, కేవు ఇచ్చి ఎక్కాడు. కేవంటే ఓడ ఛార్జీ. ఓడ సిద్ధంగా ఉంది, చేతిలో డబ్బుంది, అడ్డుపడినవాళ్లు లేరు. అన్నీ కలిసొస్తుంటే ఇదే దేవుని చిత్తమని అనుకోవడం ఎంత సులువో చూడండి!

ఇష్టం ఉండటం తప్పు కాదు నాన్నా. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు ప్రభువే తన మనసులోది దాచకుండా, ఈ శ్రమల గిన్నె తొలగించమని తండ్రిని అడిగాడు. ఆ తర్వాతే "నీ చిత్తప్రకారమే కానిమ్ము" అన్నాడు. గోడ కూడా ఎదురు చెప్పదు, దాన్ని విధేయత అంటామా? అలాగని ఎవరో తమ మాటకి దేవుని చిత్తమని పేరు పెట్టి మీ చేత తప్పు చేయించబోతే ఒప్పుకోకండి. వాక్యం తెరిచి చూసుకోండి.

తుఫానులో సముద్రంలో పడేస్తే మింగిన చేప ఒడ్డున కక్కేశాక యోనా నీనెవెకు వెళ్లాడు, ఊరు నాశనమవుతుందని చెప్పమన్నది చెప్పాడు. ఊరంతా పశ్చాత్తాపపడి గోనెపట్ట కట్టుకుంది, దేవుడు క్షమించాడు. యోనాకి మాత్రం కోపమొచ్చింది. కాళ్లు వెళ్లాయి గానీ మనసు వెళ్లలేదు.

అదెలా ఉంటుందో నాకు తెలుసు. ఉమ్మడి గోడ విషయంలో నాకూ మా తోడికోడలికీ నాలుగేళ్లు మాటల్లేవు. సమాధానపడకుండా ప్రభువు బల్లలో, అంటే గుడిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షారసంలో, చెయ్యి వేయకూడదని ఒక శనివారం వెళ్లి "వందనాలక్కా" అన్నాను. కాఫీ ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి బోర్లించి వచ్చేశాను. ఆమె ముఖం వైపు చూడలేదు. మర్నాడు రొట్టె, ద్రాక్షారసం తీసుకున్నాను, నా వంతు చేసేశానన్న ధీమాతో. తర్వాత వాళ్లబ్బాయికి ఉద్యోగం వచ్చిందని ఆమె గుడిలో కృతజ్ఞత కానుక ఇస్తుంటే నా కడుపు మండిపోయింది. ఆ పూట యోనా పుస్తకం నాలుగో అధ్యాయం చదివి ఏడ్చాను.

నీడనిచ్చిన సొరచెట్టు వాడిపోయిందని యోనా చావాలనుకున్నాడు. నువ్వు నాటని చెట్టు మీదే నీకింత జాలి ఉంటే, 1,20,000 మందికి పైగా జనం, అన్ని పశువులు ఉన్న ఊరి మీద నాకు జాలి ఉండకూడదా అని దేవుడడిగాడు. పుస్తకం ఆ ప్రశ్నతోనే ఆగిపోతుంది. యోనా ఏమన్నాడో రాయలేదు.

ఆ రాత్రి మోకరించి, "ప్రభువా, ఆవిడ బాగుపడటం నాకిష్టం లేదు. ఆ ఇష్టం నువ్వే పుట్టించు" అన్నాను. అంత ఉన్నదున్నట్టు అంతకుముందెప్పుడూ ప్రార్థించలేదు. వెంటనే ఏమీ మారలేదు. కానీ రెండేళ్లకి ఆమె మోకాలి ఆపరేషనప్పుడు పది రోజులు అన్నం వండి పట్టుకెళ్లాను, ఒక్కపూట కూడా బరువనిపించలేదు.

చిన్నా, యోనా చోట నువ్వుంటే దేవుడికేం చెప్పేవాడివో రాసి పంపు. పెద్దమ్మమ్మకి కూడా వేరే కాగితం మీద నాలుగు ముక్కలు రాయండి. చూపు తగ్గింది, అక్షరాలు పెద్దవిగా ఉండాలి.

మీ అమ్మమ్మ