ఈ పాత పింగాణీ వస్తువు దేనికి వాడేవారు? అపోహలు - వాస్తవాలు

పాత మట్టి సామాను, పింగాణీ సామాను కొని, విరిగినవి అతికించి అమ్మడం నా పని. గురువారం తెల్లవారేసరికి హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో ఉంటాను. అక్కడా, మా షాపులోనూ జనం నన్ను ఎక్కువగా అడిగేది ధర గురించి కాదు. "అన్నా, ఇది అసలు దేనికి వాడేవాళ్లు?" అని. ఆ ప్రశ్నంటే నాకు చాలా ఇష్టం. కానీ జవాబు వెతికే తొందరలో మంచి వస్తువులు పాడైపోవడం కళ్లారా చూస్తున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఆకారం చూస్తే ఉపయోగం తెలిసిపోతుంది

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది ఆకారమే. తెల్లగా, బరువుగా, బోర్లించిన గిన్నెలా ఉండే వస్తువు ఒకటి పాత సామాన్ల మధ్య తరచూ కనిపిస్తుంది. తిప్పి చూస్తే గిన్నెలో ఇంకో చిన్న గిన్నె, దాని లోపల మరచుట్లు. ఒకాయన దాన్ని తాతగారు మందు నూరుకున్న కల్వం అనుకుని ఎన్నో ఏళ్లు భద్రంగా దాచుకున్నారు. నిజానికి అది టెలిగ్రాఫ్ స్తంభం మీది ఇన్సులేటర్. మరచుట్లలోకి ఇనుప కడ్డీ బిగుస్తుంది, పైనున్న గాడికి తీగ కడతారు. వాన పడితే నీళ్లు బయటి అంచు నుంచి కారిపోతాయి, లోపలి గిన్నె పొడిగా ఉంటుంది. తీగ దగ్గర నుంచి కడ్డీ దాకా తడి ఎక్కడా తెగకుండా పాకితే కరెంటు స్తంభంలోకి జారిపోతుంది. దాన్ని ఆపడానికే రెండు గిన్నెలు. మన దేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ఆగిపోయింది. స్తంభాల మీద ఇది ఉండేదని తెలియని పిల్లలు ఇప్పటికే పెద్దవాళ్లవుతున్నారు.

ఇలాంటివి చేతికొస్తే నేను ఆకారాన్ని పక్కన పెట్టి మూడు చోట్లు చూస్తాను. మొదటిది, గ్లేజు, అంటే గాజులాంటి ఆ మెరుపు పూత లేని చోటు. కొలిమిలో ఆనిన చోట, మూత కూర్చునే చోట, ఇంకో వస్తువుకు బిగించే చోట పూత ఉండదు. రెండోది అరుగుదల. లోపల సన్నటి గీతలుంటే చెంచా తిరిగింది. అడుగు అంచు నునుపుగా అరిగితే బల్ల మీద అటూ ఇటూ జరిగింది. మూడోది మరక. మూతి దగ్గర మాత్రమే మసి ఉంటే దీపం కావచ్చు, అడుగంతా మసి ఉంటే పొయ్యి ఎక్కినదే.

అపోహ: అడుగున చిల్లు ఉంటే పూలకుండీ

చిల్లు అంచుని వేలితో తడిమి చూడండి. నున్నగా ఉండి, గ్లేజు లోపలికి కాస్త జారి ఉంటే పచ్చిమట్టి మీదే పెట్టిన చిల్లు. అంటే చేసినవాళ్లు కావాలనే పెట్టారు. అంచు పెచ్చులూడి, లోపలి మట్టి బయటపడితే తర్వాత ఎవరో డ్రిల్ చేశారు. జాడీలను టేబుల్ ల్యాంపులుగా మార్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

చుట్టూ చాలా చిల్లులున్న మట్టికుండని జల్లెడ అనుకుంటారు. లోపల మసి ఉందేమో చూడండి. గుజరాతీలు నవరాత్రుల్లో దీపం పెట్టే గర్బో అచ్చం ఇలాగే ఉంటుంది.

అపోహ: గ్లేజు మీద సాలెగూడులాంటి పగుళ్లుంటే వందేళ్ల వస్తువు

కాదు. మట్టి, గ్లేజు చల్లారేటప్పుడు సమానంగా కుదించుకుపోకపోతే కొలిమి నుంచి తీసిన రోజే పగుళ్లు రావచ్చు. ఏళ్ల తరబడి చెమ్మ పీల్చి మట్టి ఉబ్బినా వస్తాయి. టీ డికాషన్‌లో నానబెట్టి ఆ పగుళ్లకు గోధుమరంగు ఎక్కించి, పాతవని అమ్మేవాళ్లూ ఉన్నారు. మరక అంతటా ఒకే రంగులో ఉంటే అనుమానించండి. నిజంగా వాడిన వస్తువులో మరక ఒకచోట ముదురుగా, ఒకచోట లేతగా ఉంటుంది.

ప్లేటు కింద కనిపించే మూడు చిన్న చుక్కల్ని కంపెనీ రహస్య గుర్తు అనుకోవడం కూడా ఇలాంటిదే. కొలిమిలో ప్లేట్లు ఒకదానికొకటి అంటుకోకుండా కింద మూడు మొనల మట్టి ఆధారం పెడతారు. ఆ మొనల జాడే అది. ఆ ఆధారాలు కూడా విడిగా బజారుకు వస్తాయి. కొన్నవాళ్లు వాటిని ఆటబొమ్మలనో, తాంత్రిక వస్తువులనో అనుకుని టెన్షన్ పడతారు.

అపోహ: అడుగున ముద్ర అన్నీ చెప్పేస్తుంది

ముద్ర కాలం గురించి చెబుతుంది, అదీ కొంతవరకే. అమెరికా 1890లో తెచ్చిన సుంకాల చట్టం వల్ల 1891 నుంచి ఆ దేశానికి ఎగుమతయ్యే సరుకు మీద, తయారైన దేశం పేరు వేయాల్సి వచ్చింది. కాబట్టి 'ఇంగ్లాండ్' అనే మాట ఉంటే సాధారణంగా ఆ తర్వాతదే. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952లో జపాన్‌పై మిత్రదేశాల ఆక్రమణ ముగిసేలోపు ఎగుమతి కోసం చేసింది. చైనా సామాను మీది చక్రవర్తుల ముద్రలను మాత్రం నమ్మకండి. పాత చక్రవర్తి మీద గౌరవంతో తర్వాతి తరాలవాళ్లు అదే ముద్ర వేసేవారు. మోసం చేయాలని వేసినవాళ్లూ ఉన్నారు. ఇక ఆ వస్తువు దేనికన్నది ముద్ర దాదాపు ఎప్పుడూ చెప్పదు.

అపోహ: ముందు శుభ్రంగా కడిగి, తర్వాత పరిశీలించాలి

దయచేసి ఈ పని చేయకండి. లోపలి జిడ్డు, అడుగున పేరుకున్న తెల్లటి ఉప్పు, మూలన ఎండిన రంగు... మనకున్న సాక్ష్యం అదే. బ్లీచింగ్‌లో నానబెట్టి, పీచుతో తోమి తెచ్చిన జాడీలో ఊరగాయ ఉండేదో, నూనె ఉండేదో నేను చెప్పలేను. ముందు ఫోటోలు తీయండి, వాసన చూడండి, తర్వాత మెత్తటి పొడిగుడ్డతో తుడవండి.

అపోహ: వాళ్లు ఇన్నేళ్లు వాడారుగా, మనమూ వాడొచ్చు

దీని గురించి నాకు నిజంగా భయం. తక్కువ వేడిలో కాల్చిన పాత సామాను గ్లేజులో, పైన వేసిన రంగుల్లో సీసం ఉండవచ్చు. చింతపండు, నిమ్మరసం, పెరుగు లాంటి పులుపు తగిలితే అది తిండిలోకి దిగుతుంది. పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. మన ఇళ్లలో ఊరగాయకు వాడే మందపాటి స్టోన్‌వేర్ జాడీ వేరు. అది దాదాపు 1200 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుతుంది, ఆ వేడికి వేసే గ్లేజుల్లో మామూలుగా సీసం వాడరు. అయినా ఎక్కడిదో తెలియని రంగురంగుల గిన్నెని అలంకారానికే ఉంచండి. ఇంతకుముందు అందులో ఏ యాసిడో, పురుగుమందో పోశారేమో మనకు తెలియదు కదా.

అపోహ: దొరికింది కాబట్టి మనదే

వందేళ్లు దాటిన కళాఖండాలకు, పురావస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది. అలాంటివాటిని సొంతంగా విదేశాలకు తీసుకెళ్లడం నేరం. అమెరికా వెళుతూ సూట్‌కేసులో పాత కూజా పెట్టుకునేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. భూమిలో దొరికినవాటికి 1878 నాటి నిక్షేపాల చట్టం ఉంది, విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలపాలి. దక్కన్‌లో శాతవాహన కాలపు స్థలాల్లో గీతలు చెక్కిన చిన్న మట్టిబిళ్లలు దొరుకుతుంటాయి. చూడటానికి అచ్చుల్లా ఉంటాయి, కానీ స్నానానికి ఒళ్లు రుద్దుకునేవి. ఏ పొరలో, ఏ వస్తువుల మధ్య దొరికిందో తెలిస్తేనే ఇలాంటివి చెప్పగలం. పెరికి ఇంటికి తెచ్చుకుంటే ఆ సమాచారం పోతుంది.

అపోహ: వస్తువు ఒక్కటి చూస్తే చాలు

కొన్నేళ్ల కిందట ఒక తెల్ల కప్పు కొన్నాను. పైభాగం సగం మూసేసి ఉంది, ఒక పక్కన చిన్న ముక్కు. అమ్మినతను నవాబుల కాలం టీపాట్ అన్నాడు. టీపాట్ అయితే తీసే మూత ఉండాలి, ముక్కు మొదట్లో ఆకులు ఆగే చిల్లులుండాలి. రెండూ లేవు. ముక్కు చివర మాత్రం గ్లేజు బాగా అరిగిపోయింది. ఆ కప్పు ఏ ఇంటి నుంచి వచ్చిందని అడిగితే, అదే గోనెసంచిలోంచి ఇంకో రెండు తీశాడు: ఒక ఎనామెల్ బెడ్‌పాన్, ఔన్సుల గీతలున్న మందు గ్లాసు. అప్పుడు అర్థమైంది. లేవలేని రోగి పడుకునే తాగడానికి చేసిన కప్పు అది. సగం మూత ఒలకకుండా, ముక్కు పెదవుల మధ్య పెట్టడానికి. మన ఇళ్లలో పసిపిల్లలకు ఉగ్గుగిన్నె ఎలాగో, మంచాన పడ్డవాళ్లకు అది అలాగ. ఎవరో ఎవరికో చాలాకాలం దానితో తాగించారని ఆ అరిగిన ముక్కే చెబుతోంది.

దాన్ని నేను అమ్మలేదు. అప్పటి నుంచి బజార్‌లో ధర అడిగేముందు, అదే సంచిలో ఇంకేమేం వచ్చాయో అడుగుతున్నాను.