పిన్నీసుని వెనక్కి తిప్పి చూడాలి

పైట జారకుండా భుజం దగ్గర పిన్నీసు పెట్టుకునేవాళ్లకి ఈ సంగతి చప్పున అర్థమవుతుంది. 5, 6 శతాబ్దాల ఇంగ్లండ్‌లో ఆంగ్లో-సాక్సన్ (ఉత్తర యూరప్ నుంచి వచ్చి స్థిరపడ్డ జాతులు) ఆడవాళ్ల పైబట్ట గొట్టంలా ఉండే ఉన్ని బట్ట; అందులోకి దూరి, ముందు అంచునీ వెనక అంచునీ భుజాల మీద కలిపి, అటొకటి ఇటొకటి బ్రోచ్, అంటే వెనక సూది ఉండే నగ, గుచ్చుకునేవాళ్లు. అది ఊడిందా, బట్ట జారినట్టే. అంటే ముందు అది పిన్నీసు, ఆ తర్వాతే నగ. ఆ రెండు బ్రోచ్‌ల మధ్య అంబర్ (గట్టిపడిన చెట్టు జిగురు) పూసలూ గాజు పూసలూ ఛాతీ మీద వేలాడేవి, స్తోమత ఉన్నవాళ్లకి పైన కప్పుకునే దుప్పటికి ఇంకో పెద్ద బ్రోచ్.

ఇదంతా చెప్పింది సమాధులే. కొన్నిచోట్ల మట్టిలోని ఆమ్లానికి ఎముకలు కూడా కరిగిపోయాయి, భుజాలు ఉండాల్సిన చోట బ్రోచ్‌ల జత మాత్రం మిగిలింది. అసలు కథ వాటి వెనక వైపు ఉంది. ముందు భాగం రాగి కలిసిన లోహం, సూది చాలావాటికి ఇనుము. ఇనుము తుప్పు పడుతూ తనకి తగులుతున్న బట్ట పోగుల్లోకి దిగుతుంది, పోగు కుళ్లిపోయినా దాని అచ్చు తుప్పులో ఉండిపోతుంది. మైక్రోస్కోప్ కింద పెడితే నూలు ఎటు మెలి తిప్పారో, నేత ఏ రకమో, సూది ఎన్ని పొరల్లో దిగిందో కూడా కనిపించొచ్చు. మ్యూజియంలో మాత్రం బోర్లా పెట్టిన బ్రోచ్ కనపడటం అరుదు, నాకు అదే చిరాకు!

ఇప్పటి ఫ్రాన్స్, జర్మనీ ప్రాంతాల్లో ఉన్న ఫ్రాంకుల ఆడవాళ్ల తీరు వేరు. పిట్ట ఆకారంలో ఉండే చిన్నవి మెడ దగ్గరో ఛాతీ మీదో ఉంటాయి, బాగానే ఉంది. వంపు తిరిగిన పెద్ద బ్రోచ్‌లు మాత్రం నడుము కింద, ఒక్కోసారి తొడల మధ్య దొరుకుతాయి. అక్కడ మూయడానికి ఏముంది? నడికట్టు నుంచి వేలాడే పట్టీకి గుచ్చి ఉంటారని కొందరంటారు, వాదన ఇంకా తెగలేదు.

ఆ పిట్ట కన్ను చాలాసార్లు ఎర్రటి గార్నెట్ రాయి. ఖరీదైన బ్రోచ్‌ల్లో పలుచగా కోసిన గార్నెట్ ముక్కలు పొదిగి, కింద సన్నని గళ్లు అచ్చు వేసిన బంగారు రేకు పెట్టేవారు, మన కుందన్ పనిలో రాయి కింద రేకు పెట్టినట్టే. లేకపోతే ఆ రాయి నల్లగా కనపడుతుంది. రసాయన పరీక్షల్లో తేలిందేమిటంటే, ఆ రోజుల్లో యూరప్ చేరిన గార్నెట్లలో చాలా భాగం భారత్, శ్రీలంకలవి. పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేట రాళ్లు పుదుచ్చేరి దగ్గరి పాత రేవు అరికమేడులో పూసలయ్యాయి, బైజాంటియం (తూర్పు రోమన్ సామ్రాజ్యం) కాలం నాటి బొమ్మ చెక్కిన గార్నెట్ ఒకటి కూడా గరీబ్‌పేటదేనని 2018లో పరిశోధకులు రాశారు.

7వ శతాబ్దానికి మన రాళ్లు అటు వెళ్లడం బాగా తగ్గింది. బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలో ఉంది) గార్నెట్లు మొదలయ్యాయి, అవి చిన్నవి, కాబట్టి రాయి పొదిగే గూళ్లు కూడా చిన్నవైపోయాయి. ఇంగ్లండ్‌లోనేమో భుజాల జత పోయి, ఉన్నవాళ్ల గొంతు దగ్గర ఒకే ఒక గుండ్రటి బ్రోచ్ మిగిలింది.